రాజుగారి నల్లుల లెక్క

అంకెలకు కూడా రాజభక్తి ఉంటుందని నమ్మే ప్రచండవర్మ అనే రాజు ఒకానొక రాజ్యంలో ఉండేవాడు. ఆ నమ్మకం ఆయనకు అంటించింది ఆస్థాన గణకుడు సోమయాజి.

సోమయాజి విద్య ఇది. ఒక సంఖ్యలో సరి అంకెలెన్ని, బేసి అంకెలెన్ని, మొత్తం అంకెలెన్ని అని చూసి, ఆ మూడింటినీ పక్కపక్కన రాస్తాడు. వచ్చినదాన్ని మళ్ళీ అలాగే మారుస్తాడు. రాజుగారి సంఖ్య ఏది వేసినా చివరికి 123 దగ్గర ఆగేది, ఆపైన కదిలేది కాదు.

"ఒకటి, రెండు, మూడు. మూడు లోకాలూ వరుసగా తమ పాదాల దగ్గరికి వస్తున్నాయి ప్రభూ," అనేవాడు సోమయాజి. రాజు పొంగిపోయేవాడు.

ఇంకొకరి సంఖ్య వేస్తే ఏమొస్తుందో ఎవరికీ తెలియదు. గణకుడి ఇసుక పలక మీద రాజుగారివి తప్ప ఇతరుల అంకెలు రాయడం ఆ కొలువులో నేరం. ఆ శాసనం చేయించిన మహానుభావుడు కూడా సోమయాజే.

ఆ ఏడు తొలకరి పడగానే రాజు రైతుల చేతికి ఈటెలిచ్చి సైన్యంలో కలిపాడు. మొత్తం 7486 మంది తేలారు. సరి మూడు, బేసి ఒకటి, మొత్తం నాలుగు: 314. దాన్ని మారిస్తే 123. ఇంకేం, పొరుగు రాజ్యం మీద దండయాత్ర ఖాయమైంది.

రాజుగారి పాన్పు సర్దే ఓబన్నకు కడుపు మండిపోయింది. అతని ఊరి మగవాళ్ళంతా సైన్యపు శిబిరంలోనే ఉన్నారు. ఊళ్ళో దున్నేవాళ్ళు లేక నేల పదును ఆరిపోతోంది. మర్నాడు దండు కదిలితే ఊరికి తిండి ఉండదు, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారన్న నమ్మకమూ లేదు.

నిండు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభో, నిన్న తమ పాన్పులో ఇరవై ఏడు నల్లుల్ని పట్టాను. తమ రక్తం తాగి పెరిగినవి, తమవే కదా. ఆ సంఖ్య పలక మీద వేయించవచ్చునా?"

సోమయాజి కస్సుమన్నాడు. కానీ తన పాన్పులో నల్లులు తనవి కావని రాజు ఎలా అంటాడు? "వెయ్యవయ్యా," అన్నాడు.

సరి ఒకటి, బేసి ఒకటి, మొత్తం రెండు: 112. మళ్ళీ మారిస్తే 123.

సభలో ఎవరో దగ్గారు.

"రాజుగారి నల్లులు గనుక వాటికీ మహిమ అంటింది," అన్నాడు సోమయాజి చెమట తుడుచుకుంటూ.

"నిజమే స్వామీ. నాలుగు రోజుల్లో పొరుగు రాజ్యం కూడా ప్రభువులదేనన్నారు. అలాగైతే అక్కడి సైన్యమూ ప్రభువులదే. 20568 మందట. అదీ వేయండి."

సోమయాజి అదీ వేశాడు. మొదట 415. తర్వాత 123.

"ఇప్పుడు మూడు లోకాలూ ఎవరి పాదాల దగ్గరికి వస్తాయి ప్రభూ? మన దగ్గరికా, వాళ్ళ దగ్గరికా, నల్లుల దగ్గరికా? పలక మీద ముగ్గురమూ ఒకటే. మైదానంలో మాత్రం వాళ్ళు మనకు దాదాపు మూడింతలు," అన్నాడు ఓబన్న.

రాజు ముఖం ఎర్రబడింది. పలకను చూశాడు, సోమయాజిని చూశాడు. ఇన్నాళ్ళూ తాను నల్లి పాటి మహిమకు పొంగిపోయానని తెలిసొచ్చి సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గులోంచే నవ్వొచ్చింది.

"దండయాత్ర లేదు. సైన్యం మాత్రం శిబిరంలోనే ఉండనీ. ఓబన్నా, ఏం కావాలో కోరుకో."

"ఒక్క మనిషిని మా ఊరికి పంపండి చాలు. కాకపోతే ఆ ఒకటిని సోమయాజిగారి చేత పలక మీద వేయించి, ఎంత తేలితే అంతమందిని పంపండి."

సోమయాజి గొణుక్కుంటూ వేశాడు. సరి సున్నా, బేసి ఒకటి, మొత్తం ఒకటి: 011. సున్నా సరి అంకే గనుక, మారిస్తే 123.

"మీ ఊరివాళ్ళు అంతమంది ఉన్నారా?" అన్నాడు రాజు.

"నూట ఇరవై ఇద్దరే ప్రభూ. ఆ ఒక్క లోటుకు సోమయాజిగారిని ఇప్పించండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, ఇప్పించాడు. వారం తిరిగేసరికి గణకుడు ఓబన్న ఊరి పొలంలో, ఎద్దుల వెనక మేడి పట్టుకుని నడుస్తున్నాడు.