దారి తప్పిన రోగపత్రం

రత్నగిరి రాజ్యంలో పూలమ్ముకునే వీరనాగమ్మకు చేతికి తామర వస్తే, రాజవైద్యశాల మందుతో పూర్తిగా తగ్గింది. ఆ జబ్బు వివరాలు రాసిన తాటాకును వైద్యశాలవాళ్లు పొరపాటున ముక్కూ మొహం తెలియని గొర్రెల వ్యాపారి చేతిలో పెట్టారు. అతను దాన్ని సంతలో నలుగురికీ చదివి వినిపించాడు. ఆనాటి నుంచి ఆమె పూలు ముట్టుకున్నవాళ్లు లేరు.

వీరనాగమ్మ రాజవైద్యుడు సోమయాజుల దగ్గరికి వెళ్లి గోడు చెప్పుకుంది.

"ఒక్క ఆకు ఎవరి చేతిలోనో పడితే ఏం మునిగిపోయింది? వెళ్లి నీ పని చూసుకో," అన్నాడాయన.

"అట్టాగేనయ్యా. నా మందు పొట్లంలోనూ ఎవరిదో ఆకు వచ్చింది. సంతలో గట్టిగా చదివిస్తాను. ఎవరిదైతే వాళ్లే వచ్చి తీసుకుంటారు."

సోమయాజుల ముఖం పాలిపోయింది. ఆ వారం సేనాపతి, పెద్దరాణి కూడా మందు పుచ్చుకున్నారు.

"ఆగు, ఆగు! ఆ ఆకు ఇటివ్వు."

"ముందు నా ఆకు సంగతి తేల్చండయ్యా."

రాజవైద్యుడు స్వయంగా సంతకు నడిచాడు. వ్యాపారి దగ్గర ఆకు వెనక్కి తీసుకున్నాడు. తప్పు తమదేననీ, ఆమె జబ్బు ఎప్పుడో నయమైందనీ అందరి ముందూ చెప్పాడు. జనం నమ్మడానికి ఆమె కట్టిన మాల మెడలో వేసుకున్నాడు. చూస్తుండగానే బుట్ట ఖాళీ అయింది.

"ఇప్పుడా రెండో ఆకు ఇవ్వు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"దాన్ని నిన్ననే సొంతదారుకి గుట్టుగా ఇచ్చేశానయ్యా."

"ఎవరిదది?"

వీరనాగమ్మ ఖాళీ బుట్ట చంకనెత్తుకుంది.

"అడిగినవాళ్లకల్లా చెప్పడానికి నేనేమన్నా వైద్యశాలలో పనిచేస్తున్నానా అయ్యగారూ?"