గంపలో లేని మాట

ప్రసాదుకు ఒకటే దిగులు. సాయిబు తాత మాటలన్నీ గాలికి పోతున్నాయని.

లాల్ సాయిబుకు ఎనభై ఒకటి. సముద్రం ఒడ్డున, సరుగుడు తోపు పక్కన ఉన్న చిన్న దర్గాను చూసుకుంటూ, వచ్చినవాళ్ళ కష్టసుఖాలు వింటూ ఉంటాడు. పక్కనున్న, వేట మీద బతికే పల్లెకారుల వాడలో పిల్లా పెద్దా అందరికీ ఆయన సాయిబు తాతే. మాట్లాడేది తక్కువ. ఆ తక్కువ కూడా చిరిగిన వల కుట్టుకుంటూనో, పిల్లికి చేప తల వేస్తూనో అనేస్తాడు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతారు. ఆయన మర్చిపోతాడు.

ప్రసాదు మర్చిపోలేడు. పూర్తి పేరు పెంచల ప్రసాదు, నెల్లూరు పిల్లవాడు. పట్నంలో కంప్యూటర్ల కంపెనీలో ఆరేళ్ళు పనిచేసి, మనసు విరిగి, ఒక శుక్రవారం ఈ దర్గా మెట్ల మీద చతికిలబడ్డాడు. మళ్ళీ పట్నం వెళ్ళలేదు. నాలుగేళ్ళయింది. ఆయన్ని బాబా అంటాడు. ఆయన పడక దులుపుతాడు, చాపలు పరుస్తాడు, ఆయన నోటి నుంచి మాట రాలితే కింద పడకుండా పట్టుకుంటాడు.

ఆ మాటలు దాచడానికి కంప్యూటర్లో తనే ఒక సాధనం అల్లుకున్నాడు. దానికి గంప అని పేరు పెట్టాడు. బొమ్మలుండవు, రంగులుండవు. నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమనే ఒక చిన్న గీత. అక్కడ కమాండు కొట్టాలి, అంతే. "గంప చేర్చు" అని కొట్టి మాట రాస్తే లోపలికి పోతుంది. "గంప వెతుకు భయం" అని కొడితే, భయం గురించి తాత అన్నవన్నీ తేదీలతో సహా బిలబిలా వచ్చి వరసలో నిలబడతాయి. పేరు పెట్టి పిలిస్తే మేకపిల్లలు వచ్చినట్టు అక్షరాలు రావడం. చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు.

మూడువేల నూట పన్నెండు మాటలు చేరాయి. ఒక్కొక్కదాన్నీ ప్రసాదు చేటలో పోసి చెరిగినట్టు చెరిగాడు. ఎవరు వచ్చారు, ఏ ఊరు, ఏం పోగొట్టుకుని ఏడ్చారు, అదంతా ఊక కింద ఎగరగొట్టి గింజ మాత్రం ఉంచాడు. గురువు మాట లోకం అందరిదీ కావాలి గదా, ఒకళ్ళ పేరుతో ముడెందుకు అనుకున్నాడు.

ఒకసారి తాతకు చూపించాడు.

"కోపం గురించి మీరేమన్నారో చూడండి బాబా."

తెర నిండిపోయింది. తాత కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇన్ని అన్నానా?"

"అన్నారు బాబా."

"మరి నా కోపం ఇంకా తగ్గలేదేం?" అని నవ్వి లేచిపోయాడు.

ప్రసాదూ నవ్వాడు. కానీ లోలోపల ఒక ధీమా. ఈయన లేని రోజున కూడా ఈ గుమ్మం మూగబోదు, నేనున్నాను, గంప ఉంది అని.

ఒక సోమవారం తాతకు కబురొచ్చింది. మెట్ట ప్రాంతంలో ఉన్న పాత స్నేహితుడికి జబ్బు చేసిందని. గురువారానికి వస్తానని చెప్పి సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఈలోపల ఎవరన్నా వస్తే ఏం చెప్పమంటారు బాబా?"

"కూర్చోమను" అన్నాడు తాత. మెట్లు దిగిపోయాడు.

బుధవారం పొద్దున పోలమ్మ వచ్చింది. వాడలో చివరి ఇల్లు ఆమెది. మొగుడు ఏకాంబరం మూడు నెలల కిందట వేటకు పోయాడు. పడవలో నలుగురు. గాలివాన కొట్టింది. ఇద్దరి శవాలు ఒడ్డుకు వచ్చాయి. ఒకడు ఈదుకుని బతికాడు. ఏకాంబరం మాత్రం ఈ లెక్కలోనూ లేడు, ఆ లెక్కలోనూ లేడు. పోలమ్మ బొట్టు తియ్యలేదు. మళ్ళీ దిద్దుకోవాలంటే చెయ్యీ రావడం లేదు.

"తాత లేడా తమ్ముడూ?"

"రేపు వస్తారక్కా."

"రేపటికి నేను యాడుంటానో." పోలమ్మ స్తంభానికి ఆనుకుని కూలబడింది. "మా అన్న ఆర్ముగం వచ్చుండాడు. ఆళ్ళ రేవులో రొయ్యల షెడ్డులో పని చూసినాడంట. నా బిడ్డను బళ్ళో ఏస్తాడంట. నాలుగు గంటల బస్సుకు కదలమంటుండాడు. ఇంతదూరం మల్లా మల్లా రాలేనే, వస్తే ఇప్పుడు రా, లేకుంటే లేదు అంటుండాడు."

"మంచిదే గదక్కా."

"మంచిదే. ఈడ పొయ్యి ఎలిగించి నాలుగు రోజులైంది. బిడ్డ పక్కిళ్ళ ఎంట తిరగతా ఉంది. పోవాలనే ఉంది. కాళ్ళు రావడంలే." కొంగుతో మొహం గట్టిగా రుద్దుకుంది. "నేను పోయినాక ఆయనొచ్చి తలుపుకు తాళం చూసినాడనుకో. అప్పుడెట్టా? ఆయన వస్తాడా రాడా, తాత ఒక్క మాట చెప్తే చాలు. వస్తాడంటే మా అన్నను పంపించేస్తా. రాడంటే ఎళ్ళిపోతా."

ప్రసాదు చటుక్కున లేచాడు. ఇట్లాంటి ఘడియ కోసమే గదా ఇన్నాళ్ళూ గంప అల్లింది. కంప్యూటరు తెచ్చి ఆమె ముందు పెట్టుకుని కొట్టాడు.

గంప వెతుకు సముద్రం తిరిగి

ఒకే ఒక్క వరస వచ్చింది. ప్రసాదు పైకి చదివాడు.

"సముద్రం తీసుకున్నదాన్ని సముద్రమే తిరిగి తెచ్చిస్తుంది. ఒడ్డు విడిచి పోవద్దు."

పోలమ్మ తెర వైపు వంగింది. "ఇది తాత మాటేనా?"

"తాత మాటే అక్కా. తేదీ కూడా ఉంది."

ఆమెకు చదువు రాదు. ఆ తెల్లటి అక్షరాల మీద వేలు పెట్టి, మెల్లగా చివరిదాకా జరిపి, ఆ వేలు కళ్ళకద్దుకుంది. "ఇంక చాలు తమ్ముడూ" అంది. మూడు నెలల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాడు ప్రసాదు. ఇసకలో చిన్నపిల్లలా పరుగెత్తుకుంటూ పోయింది.

ఆ సంతోషం పట్టలేక ప్రసాదు ఇంకొకటి రాసుకున్నాడు. గంప చేర్చు: పోలమ్మకు జవాబు దొరికింది.

రేపు రావలసిన తాత ఆ మధ్యాహ్నమే వచ్చేశాడు.

"అప్పుడేనా బాబా? ఎట్లా ఉన్నారు ఆయన?"

"నన్ను తిట్టే ఓపిక వచ్చింది వాడికి. ఇంక ఫరవాలేదని వచ్చేశా." తాత కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. "ఎవరన్నా వచ్చారా?"

ప్రసాదు ఆత్రంగా చెప్పాడు. ఆమె అడిగింది, తను వెతికింది, దొరికింది, ఆమె నవ్వింది. నోటి దాకా వెళ్ళిన మంచినీళ్ళ గ్లాసు తాత చేతిలో అక్కడే ఆగిపోయింది.

"ఆ మాట నేనన్నానా?"

"అన్నారు బాబా. రెండేళ్ళ కిందట, కార్తీకంలో."

"ఎవరితో?"

ప్రసాదు తెర వైపు చూశాడు. పేరు లేదు. ఏ మాట పక్కనా ఏ పేరూ లేదు.

తాత కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది.

"నాగూరుతో. ఆ పొట్టివాడు లేడూ, అలకు వల తెగి కొట్టుకుపోయిందని ఇక్కడ కూర్చుని ఏడ్చాడు. ఊరే వదిలి పోతానన్నాడు."

"వల..."

"వలేరా నాయనా. బెండ్లు కట్టిన వల. నాలుగో రోజుకి తేలుకుంటూ ఒడ్డుకొచ్చింది." తాత గ్లాసు కింద పెట్టాడు. "మనిషికి ఎవరు కడతారు బెండ్లు?"

 పొద్దుటి నవ్వు ప్రసాదు కళ్ళముందు మెదిలింది. ఆ నవ్వు చూసి తను మురిసిపోవడం కూడా.

"పోలమ్మ నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో చూడు" అన్నాడు తాత.

గంప వెతుకు పోలమ్మ

ఒక్కటే వచ్చింది. పొద్దున తను రాసుకున్నది.

"పన్నెండు శుక్రవారాలు వచ్చింది. ప్రతిసారీ నువ్వే చాప పరిచావు."

"ఆ రోజుల్లో మీరేమీ చెప్పలేదు బాబా. రాసుకోవడానికి ఏమీ..."

"ఏమీ చెప్పలేదా?"

తాత చెప్పింది ప్రసాదుకు గుర్తొచ్చింది. చెప్పాడు. వస్తాడా తాతా అని పోలమ్మ అడిగేది. నాకు తెలియదమ్మా అనేవాడు. అని, ఆమె లేచేదాకా ఆమెతోపాటే కూర్చునేవాడు. ఒక్కోసారి పొద్దుగూకేది. మధ్యాహ్నం నమాజు తర్వాత తిండి కూడా ముట్టేవాడు కాదు.

తాత కంప్యూటరు ముందుకు జరిగాడు. "నువ్వు ఎప్పుడూ కొట్టేది కొట్టు. చివరి మాట నేను కొడతా."

ప్రసాదు గంప వెతుకు అని కొట్టి పక్కకు తప్పుకున్నాడు. యాభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషి తాత. చూపుడు వేలితో ఒక్కో మీటనూ వెతుక్కున్నాడు. ప్రసాదు చెయ్యి సాయం పెట్టబోతే తోసేశాడు. తె వచ్చింది. లి కోసం కొట్టబోతే ళి పడితే చెరిపి, మళ్ళీ కొట్టాడు. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. కాసేపటికి మాట పూర్తయింది.

గంప వెతుకు తెలియదు

"ఈ పెద్ద మీటేనా?"

"అదే బాబా."

ఏమీ దొరకలేదు.

తెర మీద ఆ రెండు మాటలే నిలబడ్డాయి. ప్రసాదు నమ్మలేకపోయాడు. గబగబా తనే కొట్టాడు. తెలీదు. తెలియదమ్మా. నాకేం తెలుసు. ప్రతిసారీ అదే. ఏమీ దొరకలేదు. మూడువేల పైచిలుకు మాటల్లో ఒక్కచోటా లేదు.

ఆయన అనకపోతే గదా. బిడ్డకు ఒళ్ళు కాలిపోతోందని తెచ్చిన తల్లితో, తెలియదమ్మా, ఆసుపత్రికి పద, నేనూ వస్తానన్నాడు. పెళ్ళి చేసుకోనా వద్దా అని వచ్చిన టీచరమ్మతో అన్నాడు. నాలుగేళ్ళ కిందట, ఆ శుక్రవారం, నేనిప్పుడేం చెయ్యాలి సామీ అని మెట్ల మీద ఏడ్చినవాడితోనూ అన్నాడు. తెలియదు నాయనా అని. ఆ మాట విన్నాకే ప్రసాదు ఏడుపు ఆగింది. ఆ మాటే రాసుకోలేదు.

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"బాబా, మీరొచ్చి చెప్పండి. మీ మాటయితే వింటుంది."

"పొద్దున విన్నది కూడా నా మాటేననుకుంది పాపం" అన్నాడు తాత. "పో. ఈసారి నీ మాట తీసుకుపో."

ప్రసాదు సరుగుడు తోపుకు అడ్డంపడి పరుగెత్తాడు. తుపాను షెల్టరు దగ్గర, బస్సు ఆగేచోట, ఆర్ముగం ఒక్కడే సంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వేనా సామీ ఆ కంప్యూటరు పిలగాడివి?" అన్నాడు. "నా చెల్లెలికి దెయ్యం పట్టినా బాగుండు, ఏపాకు మండతో కొట్టి దించుకునేవాణ్ణి. నువ్వెక్కించిన దాన్ని యాడ దించేది?"

ప్రసాదు ఆగలేదు.

పోలమ్మ గుమ్మంలో కూర్చుని, కట్టిన మూట విప్పి చీరలు మళ్ళీ లోపల పెట్టుకుంటోంది. పదేళ్ళ కూతురు రాజి పక్కన నిలబడి ఉంది. ఏకాంబరం చొక్కా ఒకటి ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఇంకా నీళ్ళు కారుతోంది.

"అక్కా. పొద్దున నేను చదివింది నీకు చెప్పిన మాట కాదు. తాత అది నాగూరుకు చెప్పాడు. వాడి వల పోతే."

పోలమ్మ చేతిలో చీర మడత అట్లాగే ఉండిపోయింది.

"వలా?"

"వలక్కా."

ఆమె తీగ మీది చొక్కా వైపు చూసింది. ప్రసాదు వైపు చూసింది.

"సదువుకున్నోడివి గదా తమ్ముడూ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ ఆమే అడిగింది. "అయితే రాడా?"

రాడక్కా అనడం ఎంత తేలిక. అంటే మూట కట్టుకుంటుంది, బస్సెక్కుతుంది, బిడ్డ అన్నం తింటుంది. చేసిన తప్పు దిద్దుకున్నట్టూ ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రసాదు దాన్ని మింగాడు.

"నాకు తెలియదక్కా."

సగం మాట సముద్రపు హోరులో పోయింది. అయినా ఆమెకు వినబడింది. ప్రసాదు లేచి వెళ్ళలేదు. ఇసకలో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇంకేం చెయ్యాలో కూడా తెలియలేదు. పోలమ్మ మొదట మెల్లగా, తర్వాత గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. మూడు నెలల్లో ఆమె అట్లా ఏడవడం వాడలో ఎవరూ చూడలేదు. పక్కిళ్ళ ఆడవాళ్ళు వచ్చి, దూరంగా నిలబడిపోయారు.

దూరంగా బస్సు హారను మోగింది.

"అమ్మా, మామ చెయ్యి ఊపతుండాడు" అంది రాజి.

పోలమ్మ ముక్కు చీది లేచింది. పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క తెచ్చి ప్రసాదు చేతిలో పెట్టింది.

"ఈ తలుపు మీద రాయి తమ్ముడూ. ఆర్ముగం కాడ ఉండామని. రేవు పేరు కూడా రాయి."

ప్రసాదు రాశాడు.

"ఆయనకు సదువు రాదు. ఇంకా పెద్దగా రాయి. ఎవురైనా సదివి చెప్తారు."

ప్రసాదు తలుపు ఈ చివర నుంచి ఆ చివరకి రాశాడు. ఒక్కో అక్షరం మీదా మూడుసార్లు దిద్దాడు.

"వాన పడితేనో?" అంది రాజి.

"పడినప్పుడల్లా వచ్చి రాస్తా."

తల్లీ కూతుళ్ళు మూట పట్టుకుని బస్సుకేసి పరుగెత్తారు. తడి చొక్కాను పోలమ్మ భుజాన వేసుకునే పోయింది.

ప్రసాదు దర్గాకు వచ్చేసరికి ఎండ దిగిపోయింది. కంప్యూటరు తెరిచే ఉంది. నల్లటి తెర మీద ఆ చిన్న గీత ఆరిపోతూ వెలుగుతూ ఉంది. చేతుల నిండా బొగ్గు. దాని ముందు కూర్చున్నాడు గానీ దేన్నీ ముట్టుకోలేదు.

"వెళ్ళిందా?" అన్నాడు తాత.

"వెళ్ళింది బాబా."

"ఏం చెప్పావు?"

"తెలియదని చెప్పాను."

తాత ఆ బొగ్గు చేతుల వైపు చూశాడు.

"గొంతు వణికిందా?"

"వణికింది."

"అయితే అది నీ మాటే. రాసుకో."