తెగని లెక్క

పూర్వం ఒక రాజుగారి కొలువులో సూరావధాని అనే ముసలి గణకుడు ఉండేవాడు. "ఎవరు ఏ లెక్క అడిగినా, సరిగ్గా తేల్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టను" అని ఒకనాడు నిండుసభలో శపథం చేశాడు.

ఆ గర్వం అణచాలని చాపలల్లే గురివి లేచింది. "అయ్యవారూ, రెండు చదరపు మూరల చాప అల్లాలి. నాలుగు పక్కలూ సమానం. పక్క ఎంత?"

ఆయన మూరన్నర అనుకున్నాడు. రెండును దాంతో భాగించి, వచ్చినదానికీ మూరన్నరకీ నడిమి కొలత తీశాడు. దాంతో మళ్లీ భాగించాడు. జవాబు దగ్గరపడుతోందే కానీ తెగలేదు. పొద్దువాలినా ఆయన నీళ్లు ముట్టకుండా భాగిస్తూనే ఉన్నాడు. సభ నవ్వింది.

గురివికి సిగ్గేసింది. పెద్దాయన్ని ఎండగట్టి తను బావుకున్నదేమిటి?

"చాలు అయ్యవారూ! ఇంతకన్నా సన్నని తేడా ఏ గడ్డిపరకకూ అందదు. నా చాపకు ఇదే సరైన లెక్క. మీ శపథం నెగ్గింది" అంటూ చెంబు అందించింది.

ఆయన తాగాడు. లెక్క తెగలేదని తెలుసు కనుక ఆమె ముఖం మాత్రం చూడలేకపోయాడు. ఆమె కూడా సిగ్గుతో తల తిప్పుకుని చూడనివ్వలేదు.