పది లెక్కపెట్టేలోగా

ఎవరైనా ప్రశ్న అడిగితే భద్రయ్య గారు వెంటనే సమాధానం చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని ముగిసేసరికి కొందరు తాము అడిగినదేమిటో మరచిపోయేవారు. కొందరికి మళ్లీ అడగవలసిన అవసరం కలిగేది కాదు.

చీరాలలోని ఆయన ఇంటి హాల్లో ముప్ఫై ఏళ్లుగా ప్రతి గురువారం సాయంత్రం సత్సంగం జరుగుతోంది. ఆయన కంఠం పక్కింటి మగ్గాల చప్పుడును దాటుకుని వీధి మలుపు దాకా వినిపించేది. ఆ కంఠానికే జబ్బు చేసింది. ఇకమీదట గట్టిగా మాట్లాడరాదని డాక్టరు కట్టడి చేశాడు. వచ్చే గురువారం నుంచి ప్రసంగం మృణాళిని చేయాలని ఆయన నిర్ణయించారు. ఆమె హైస్కూల్లో జీవశాస్త్రం బోధిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన శిష్యురాలు. చదువులో ఆమెకు లోటు లేదు. లోటల్లా గొంతులోనే. పక్కన కూర్చున్నవారు సైతం చెవి ఒగ్గి వినవలసినంత మెత్తని గొంతు ఆమెది.

"మీ గొంతుకు అలవాటుపడిన చెవులకు నా మాట ఆనుతుందా గురువుగారూ?" అని ఆమె అడిగింది. "మొదటి వారం వింటారు. రెండో వారం మొహమాటానికి వస్తారు. మూడో వారానికి హాలు ఖాళీ అవుతుంది. ముప్ఫై ఏళ్ల సత్సంగం నా చేతిలో ఆగిపోవడం నేను చూడలేను. మరొకరిని చూడండి."

"బళ్లో నలభైమంది పిల్లలు వింటున్నారు కదమ్మా."

"వాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోవడానికి వీల్లేదు గురువుగారూ."

ఆయన నవ్వారు. "సరే, మన లాప్‌టాప్ సంచిలో పెట్టు. జిలానీ దుకాణం దాకా వెళ్లి వద్దాం" అన్నారు. మనసులోని మాటను పక్కన పెట్టేసినందుకు మృణాళిని కాస్త నొచ్చుకుంది గాని, సంచి తెచ్చింది.

అది పాతికేళ్ల నాటి యంత్రం, ఇటుక అంత బరువు. అంతకుముందు కాగితాల మీద రాసుకున్నవాటితో సహా ఆయన ప్రసంగాలన్నీ అందులోనే ఉన్నాయి. అవి ఆ కాలపు తెలుగు అక్షరాల ప్రోగ్రాములో టైపు చేసినవి. కొత్త కంప్యూటరులో తెరిస్తే పేజీ నిండా గీతలూ చుక్కలూ తప్ప ఏమీ కనిపించేవి కావు. కనుక యంత్రాన్ని వదలడానికి వీల్లేదు. దానిలోని హార్డ్ డిస్క్ చూస్తే రెండేళ్లుగా మొరాయిస్తోంది. "స్విచ్ వేసి పది లెక్కపెట్టండి. ఈలోగా డిస్క్ తిరిగే చప్పుడు రాకపోతే వెంటనే ఆపేయండి, లేకుంటే కాలిపోతుంది" అని జిలానీ అప్పట్లోనే హెచ్చరించాడు. మరునాటి ప్రసంగం కోసం ప్రతి బుధవారం దాన్ని తెరిచే పని మృణాళినిదే గనుక, చెవి మూతకు ఆనించి పది లెక్కపెట్టడం ఆమెకు అలవాటైపోయింది.

జిలానీ కంప్యూటర్ రిపేరు దుకాణం మసీదు పక్క సందులో ఉంది. అతడు పాత డిస్క్ ఊడదీసి తన యంత్రానికి తగిలించాడు. రొద లేకుండా దుకాణంలోని సీలింగ్ ఫ్యాను ఆపి, తల వంచి విన్నాడు.

"బాగా అరిగిపోయింది అయ్యగారూ. ఈ ఒక్కసారి లేచి తిరిగితే చాలు, ఉన్నదంతా లాగేస్తాను. లేవకపోతే ఇక నా చేతుల్లో లేదు."

అది కరకరమంది, ఆగింది, మళ్లీ కరకరమని తిరగసాగింది. గంటన్నర సేపు ముగ్గురూ ఆ చప్పుడే వింటూ కూర్చున్నారు. అంతా ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లోకి చేరింది. జిలానీ చిన్న అడాప్టరు తగిలించి దాన్ని పాత అరలో బిగించాడు, ఫ్యాను మళ్లీ వేశాడు.

"నమాజు వేళయింది. పది నిమిషాల్లో వచ్చేస్తా. ఈలోగా మీరే వేసి చూసుకోండి టీచరమ్మా."

మృణాళిని స్విచ్ వేసి, చెవి ఆనించి లెక్కపెట్టింది. పది దాటినా చప్పుడు లేదు. గబగబా ఆపేసింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

"పోయింది గురువుగారూ. ముప్ఫై ఏళ్ల మాటలూ పోయాయి."

భద్రయ్య గారు సందులోకి చూస్తూ, "జిలానీని రానీ" అన్నారు.

జిలానీ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చి, సంగతి విని నవ్వాడు. "దేనికోసం విన్నారు టీచరమ్మా? ఇందులో తిరిగేది ఏమీ లేదు. తన పని తాను చేసుకుపోతుంది, చప్పుడు చేయదు."

"పది లెక్కపెట్టమని మీరే కదా చెప్పారు?"

"అది పాతదానికి చెప్పిన మాట. తెర వెలిగేదాకా ఆగాలి. మీరు వెలగనిస్తేగా."

ఆమె నాలుగోసారి స్విచ్ వేసింది. పది దగ్గర చేయి దానంతటదే ముందుకు కదిలింది. వెనక్కు లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. పదిహేను. ఇరవై. తెర మసకగా వెలిగి, కాసేపటికి తేటపడింది. ఫైళ్ల వరుస అంతా పేరుపేరునా కనిపించింది.

"మొట్టమొదటిది తెరువు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో పైకి చదువు" అన్నారు భద్రయ్య గారు.

"మొదటి గురువారం. వచ్చినవారు నలుగురు" అని ఆమె చదవసాగింది. "అందులో ఒకరు కరెంటు మీటరు చూడడానికి వచ్చినవారు. ఆయన చివరి దాకా కూర్చున్నారు." ఇక్కడ ఆమెకు నవ్వు వచ్చింది. ఆపై ప్రసంగం మొదలైంది. ఆమె తనకు అలవాటైన మెత్తని గొంతుతోనే చదువుతూ పోయింది. రెండో పేజీకి వచ్చేసరికి అక్షరాలు సరిచూస్తున్నానన్న సంగతే మరచిపోయింది. పాత డిస్క్‌ను అట్టపెట్టెలో సర్దుతున్న జిలానీ చేయి ఆగింది. అతడు లేచి వెళ్లి ఫ్యాను కట్టేశాడు.

"ఉక్కపోస్తోంది, ఫ్యానెందుకు ఆపావు జిలానీ?"

"టీచరమ్మ చదువుతున్నారు కదయ్యగారూ. ఈ రొదలో వినపడడం లేదు."

మృణాళిని తలెత్తి చూసింది. భద్రయ్య గారు సంచి చేతిలోకి తీసుకుని నెమ్మదిగా లేచారు.

"మన హాల్లో నాలుగు ఫ్యాన్లున్నాయి. స్విచ్చులు ఎక్కడున్నాయో వచ్చేవాళ్లందరికీ తెలుసమ్మా."