ఎండ చూడని బట్టలు

నీ చెడ్డీ తడి ఆరకుండానే తువ్వాలు కింద కుక్కావేం ఇవాళ? ఈ అమ్మమ్మకి కళ్ళు లేవనుకున్నావా? సరే, ఇలా రా, నా పక్కన పడుకో. ఊఁ కొడుతూ విను. మధ్యలో నిద్రపోయావంటే ఊరుకోను.

అనగనగనగా ఒక నేతగాళ్ళ వీధి. ఆ వీధిలో ఏ ఇంటి ముందు చూసినా రంగులద్దిన నూలు ఆరుతుండేది. ఎర్ర నూలు, పచ్చ నూలు, నీలం నూలు. అక్కడ ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది వరాలు, పదిహేనేళ్ళది. చిన్నది నేను. అవునే, నేనే. ఏం, నేనెప్పుడూ చిన్నపిల్లని కానా?

మగాళ్ళ పంచెలు, చొక్కాలు వీధిలో దండెం మీద ఆరేవి. ఆడవాళ్ళ లోబట్టలు మాత్రం దొడ్లో నీళ్ళగది తలుపు వెనక, తడి లంగా కింద దాచి ఆరేసేవాళ్ళం. మగాళ్ళు చూడకూడదట! మా అమ్మ గవరమ్మకి అదే పెద్ద పరువు. వానాకాలం వస్తే అవి మూడు రోజులైనా ఆరేవి కావు, బూజు వాసన కొట్టేవి. అయినా అవే వేసుకునేవాళ్ళం.

అప్పుడు ఒక ముసురులో వరాలక్కకి తొడల మధ్య దురద మొదలైంది. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని నూలుని కండెలకి చుట్టే పిల్ల. ఆ తడిబట్టతోనే కూర్చునేది. గోకీ గోకీ పుండు చేసుకుంది.

అప్పుడు అమ్మతో చెప్పింది. "ష్! మీ నాన్న వింటాడు" అంది అమ్మ. ఇంత కొబ్బరినూనె చేతిలో పోసింది. వేసుకున్న బట్ట ఆరిందా అని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత మా పెద్దమ్మతో చెప్పింది. "పెళ్ళయితే అవే పోతాయిలేవే" అని నవ్వింది పెద్దమ్మ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది నాకు!

ఆ తర్వాత జ్వరం తగిలింది. నాన్న సైకిలు మీద కూర్చోబెట్టుకుని మందులాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడాయన. పక్కనే నాన్న. అక్క తల దించుకుని "తలనొప్పండి" అంది. పాపం, ఆయన తలనొప్పికే మాత్రలిచ్చి పంపాడు.

ఏంటీ, నోరు తెరిచి చెప్పొచ్చుగా అంటావా? నాకు తెలిసి కూడా నేను చెప్పలేదే తల్లీ. అక్క పక్కలో పడుకునేదాన్ని నేనే. చీము వాసన వచ్చేది. "ఎవరికైనా చెప్పావంటే చంపేస్తా" అంది. తొమ్మిదేళ్ళదాన్ని, భయపడి నోరు మూసుకున్నాను. ఆ పాపం నాది కాదని ఎవరన్నా నేను నమ్మను.

ఆ తర్వాత పుండు కాస్తా గడ్డయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి విషం ఒళ్ళంతా పాకిపోయింది. అక్కడ డాక్టరమ్మ చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా మీరంతా? సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, రోజూ పొడిబట్ట వేసుకుంటే ఇంతదాకా వచ్చేదా? మొదట్లోనే చూపిస్తే చిన్న మందుతో పోయేది కదా!" అని అరిచింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

బతికించమంటావా? నా చేతుల్లో ఉంటే బతికించనా, పిచ్చితల్లీ! మూడో రోజు తెల్లవారుతుండగా పోయింది.

పదకొండో రోజున ఇంట్లో బట్టలన్నీ ఉతికాం. అప్పుడు అమ్మ వరాలక్క లోబట్టలన్నీ బయటికి తీసింది. వేడినీళ్ళలో సబ్బేసి ఉడికించింది, జాడించింది, పిండింది. తిన్నగా వీధిలోకి వచ్చి నాన్న పంచె పక్కన ఒక్కొక్కటే ఆరేసింది. నాన్న చూశాడు. మగ్గాల మీంచి లేచొచ్చి మగాళ్ళంతా చూశారు. ఎవడూ నవ్వలేదు. ఎవరి పరువూ పోలేదు.

ఎండ ఫెళఫెళా కాసింది. గంటలో అప్పడాల్లా ఎండిపోయాయి. పొద్దు వాలాక "తియ్యనా అమ్మా?" అని అడిగాను. అమ్మ వాటిని చేత్తో తడిమి తడిమి చూసింది.

"ఇంకా ఆరలేదే" అంది.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
మా వరాలక్క కానరాదు
ఇంకెవ్వరి కంటికి.