ఒక్క పిల్ల తరగతి

విరూపాక్షయ్యగారిని ఎవరే సందేహం అడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. "పద, చూద్దాం" అని లేచేవారు. వాదన విందామని వచ్చినవాళ్లకు ఒళ్లు మండేది. మండితే మండనీ, ఆయన మాత్రం బయల్దేరేవారు.

అరుంధతి ఆరేళ్లుగా ఆయన దగ్గర వేదాంతం చదువుకుంటున్న శిష్యురాలు. ఆ ఉదయం ఆశ్రమానికి వచ్చేసరికి ఆమె ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. ఎనిమిదేళ్ల కూతురు చిత్కళను ఏడాది కిందట బడి మాన్పించి ఇంట్లో తనే చదివిస్తోంది. అరవైమంది మధ్య కూచుని పిల్ల ప్రశ్నలడగడమే మరిచిపోయిందని ఆమె బాధ.

"మా బావగారు సోమవారం దాకా గడువు పెట్టారు గురువుగారూ. చదువు చట్టుబండలవుతోంది, హాస్టల్లో వేసెయ్యండి అంటున్నారు. మావారేమో అన్నగారి మాట జవదాటరు. దాన్ని వదిలి ఉండలేను. అలాగని దాని బతుకు నా చేతులతో నేనే పాడుచేస్తున్నానేమోనని ఒకటే గుండెదడ. బడి మేలా, ఇల్లు మేలా? మీరొక్క మాట చెప్పండి."

"పద, చూద్దాం" అన్నారు గురువుగారు.

వాళ్లు ఇల్లు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. ఆయన ముందు ఎక్కడ పరువు పోతుందోనని అరుంధతి గబగబా గది సర్దింది. ముందుగదిలో నల్లబల్ల, గోడకు టైంటేబుల్, గుమ్మానికి ఇత్తడి గంట. తొమ్మిది కాగానే అరుంధతి గంట కొట్టింది. యూనిఫాం వేసుకున్న చిత్కళ వచ్చి చాప మీద చేతులు కట్టుకు కూచుంది. అరుంధతి హాజరు పిలిచింది. ఉన్నది ఒక్కతే, అయినా పిలిచింది! "ప్రెజెంట్ మేడమ్" అంది పిల్ల. తొమ్మిది నుంచి నాలుగు దాకా అమ్మా అనకూడదని కట్టడి. బడిపిల్లల కంటే పిసరంత వెనకబడినా లోకం తననే ఆడిపోసుకుంటుందని అరుంధతి భయం. భయపడ్డ మనిషి పట్టు బిగిస్తుందే గాని సడలిస్తుందా?

ఆమె బోర్డు వైపు తిరిగి పదమూడో ఎక్కం రాస్తుండగా, కిటికీలోంచి వచ్చిన కందిరీగ పిల్లను మోచేతి మీద కుట్టింది. చిత్కళ కెవ్వుమనలేదు. పెదవి కొరుక్కుని రెండో చెయ్యి పైకెత్తింది. కళ్ల నీళ్లు బొటబొటా కారుతున్నాయి గాని చెయ్యి దించలేదు. మూలన కూచున్న గురువుగారు గాభరాగా లేవబోయేంతలో అరుంధతి ఇటు తిరిగింది.

"మేడమ్, కందిరీగ కుట్టింది. ఏడవొచ్చా?"

అరుంధతి చేతిలో సుద్దముక్క జారిపడింది. "అయ్యో నా తల్లీ, అది కూడా అడగాలిటే!" అంటూ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. అప్పుడేడ్చింది చిత్కళ, ఇల్లెగిరిపోయేట్టు. వంటింట్లో కూచోబెట్టి వాచినచోట ఉల్లిపాయ ముక్క రుద్దుతుంటే ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

"అమ్మా, ఉల్లిపాయ కోస్తే కళ్లు మండుతాయిగా, మరి ఇక్కడ మంట ఎలా తగ్గిస్తుంది?"

అనుమతి కోసం కాక, తెలుసుకోవాలని ఏడాదిలో పిల్ల నోట వచ్చిన మొదటి ప్రశ్న అది. "ఏమోనే, నాకూ తెలీదు" అంది అరుంధతి. ఇద్దరూ కలిసి పొరలు ఒలిచారు, వాసన చూశారు, నీళ్లలో ముంచి కోస్తే కళ్లు మండుతాయో లేదో చూశారు. కందిరీగ గూడు ఎక్కడుందో వెతికారు. పిల్ల ఒక ప్రశ్న మీద ఇంకో ప్రశ్న వేస్తూనే ఉంది. గురువుగారు గడప మీద కూచుని వింటున్నారు.

ఉన్నట్టుండి అరుంధతి గడియారం చూసి ఉలిక్కిపడింది. పదకొండయింది.

"చూశారా, రెండు పీరియడ్లు మంటగలిసిపోయాయి! ఇలాగైతే సోమవారం మా బావగారికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఇల్లు మేలంటారా, కాదంటారా గురువుగారూ?"

"మీ బావగారితో మాట్లాడి ఇంకో ఏడాది గడువు నేనడుగుతాను" అన్నారాయన. "ఇల్లు మేలో కాదో మాత్రం ఇప్పుడే ఎలా చెప్పేది తల్లీ? నువ్వింకా పిల్లని బడి మాన్పించలేదుగా!"