అసిరమ్మ వైశాఖం

అనగా అనగా, మన తాతలకు తాతలు ఓడెక్కిన కాలం. ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. ఇది నిద్రపుచ్చే కథ కాదు, ఒళ్ళు మండే కథ.

వంశధార ఒడ్డున అసిరమ్మ అని ఒక ఆవిడ ఉండేది. పిడకలు చేసి అమ్ముకునేది. మొగుడు గురువులు, కూతురు పోలమ్మ. మూడేళ్ళు వాన లేదు. మూడేళ్ళూ గంజి తాగారు. ఆ గంజీ కరువయ్యాక ముగ్గురూ చెరుకు దేశం పోదామని రేవుకొచ్చారు.

రేవులో ఒక మేస్త్రి ఉన్నాడు. మనవాడే, మన మాటే. ఆ దేశం చూసొచ్చినవాడు. కూలి ఒప్పందం కాయితం చదివి వినిపించాడు. ఏడాది పొడుగునా నడి మధ్యాహ్నం కాసేపు నీడన కూర్చోవచ్చు, పుష్యంలో మాత్రం నీడ లేదు, పొద్దు గుంకేదాకా పనే, సరేనా అన్నాడు. జనం విరగబడి నవ్వారు. పుష్యంలో చలికి వణికి చస్తాం, నీడెవరికి కావాలి బాబూ అన్నారు. నవ్వుతూనే వేలిముద్రలు వేశారు. వేసినవాళ్ళలో మా ముత్తాత కూడా ఉన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

సముద్రం అవతల కాలాలు తలకిందులని వాళ్ళకు తెలీదు. మేస్త్రికి తెలుసు. తెలిసే చదివాడు, దుర్మార్గుడు.

ఓడ దిగారు. పని చేయించడానికి మేస్త్రీ వెంటే దిగాడు. చెరుకు తోటల నడుమ పాకల్లో కాపురం పెట్టారు. పుష్యం వచ్చింది. చలి రాలేదు. ఎండ నిప్పులు చెరిగింది. గాలాడని చేలో కలుపు తీస్తూ గురువులు పడిపోయాడు. కళ్ళు తేలేశాడు.

మధ్యాహ్నం ఒక్క పూట ఆయన్ని నీడన పడుకోనివ్వమని అసిరమ్మ అడిగింది. కాయితం ఉందన్నాడు మేస్త్రి. మర్నాడు దండం పెట్టి అడిగింది. కాయితం ఉందన్నాడు. మూడోనాడు కాళ్ళ మీద పడింది. రేపు మధ్యాహ్నం మీ ఆయన్ని ఈడ్చుకొచ్చి మరీ పనిలో పెడతానన్నాడు. "పుష్యంలో నీడ లేదని రాసుంది. ఇది పుష్యం" అన్నాడు.

అసిరమ్మ కాళ్ళు వదిలేసి లేచి నిలబడింది.

"ఇది పుస్యం కాదు బావూ. నెత్తి మాడిపోతంది. ఇది వొయిశాకం."

పక్క సాళ్ళలో జనం విన్నారు. మేస్త్రికి అదే మంట. ముందు నీ నోటితో పుష్యం అనిపిస్తాను, తర్వాత మీ ఆయన పని పడతానన్నాడు. చెట్టన్నది లేని మిట్ట మీద ఆమెను నిలబెట్టాడు.

మొదటి రోజు మధ్యాహ్నం అడిగాడు, ఏ నెలే అని. వొయిశాకం అంది. రెండో రోజు అడిగాడు. వొయిశాకం అంది. మూడో రోజు ఆమెకు గొంతు పెగల్లేదు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. వొయిశాకం అంది. అని కూలబడింది. మళ్ళీ లేవలేదు.

ఆ ఒక్క మాట అనేస్తే బతికేది కదా అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ నోట మన్ను పడ. ఆ మాట అంటే గురువుల్ని చేలోకి ఈడ్చేవాళ్ళు. అది ఆమెకు తెలుసు.

మర్నాడు మేస్త్రి చేలోకొచ్చి పోలమ్మ జబ్బ పట్టుకున్నాడు. ఏ నెలే ఇది అన్నాడు.

"మాయమ్మ సెప్పింది గదా. వొయిశాకం" అంది ఆ పిల్ల.

పక్కవాణ్ణి అడిగాడు. వొయిశాకం. ఆ పక్కన మా ముత్తాత. ఆయనా అదే అన్నాడు, సిగ్గుతో తలొంచుకుని. సాలు సాలంతా అదే మాట. అందరూ బొరిగెలు కింద పడేసి పాకల నీడకు నడిచారు. ఒక్కదాన్నంటే ఎండలో నిలబెట్టాడు. మూడు వందల మందిని నిలబెడితే కలుపు ఎవడు తీస్తాడు, వాడి తాతా? మేస్త్రి వెనక్కి తగ్గాడు. గురువులు బతికాడు. మనవల్ని ఎత్తుకున్నాడు.

ఇప్పటికీ మా చెరుకు దేశంలో తెలుగిళ్ళలో పుష్యం లేదు. మాకు ఏడాదికి రెండు వైశాఖాలు. పంతులు పంచాంగం చదువుతూ నోరు జారి పుష్యం అన్నాడంటే ముసలమ్మలు అక్కడే నిలదీస్తారు. ఆ నెల నడి మధ్యాహ్నం మమ్మల్ని పనిలోకి రమ్మని ఎవరైనా పిలిస్తే, ఎంత గొప్పవాడైనా సరే, ముందు ఇది ఏ నెలో చెప్పమంటాం. వాడు ఆ ఎండలోనే నిలబడి చెప్పాలి.